మూలనున్న యంత్రం, అందులోని అరుదైన రాయి

గత వర్షాకాలం చివరి రోజులలో మా ఖాలూకు ఆయాసం ఎక్కువైంది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి పని చేసి విశ్రాంతి పొందిన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు పాతదే. అయితే ఈసారి మెట్లెక్కడం మాట అటుంచి, వుజూ చేసుకోవడానికి లేచినా ఊపిరి అందని పరిస్థితి ఏర్పడింది. కొన్నాళ్ళు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టవలసి ఉంటుందని, నిమిషానికి రెండు లీటర్లకు మించరాదని వైద్యుడు వ్రాసి ఇచ్చాడు. యంత్రం కోసం మేము వెతుక్కోనక్కర లేకపోయింది. మా వీధి మస్జిద్ స్టోరు గదిలో 2021 నాటి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఒకటి ఉన్నది. ఆ యేడు మొహల్లా వారంతా చందాలు వేసుకుని కొన్నది. అవసరం తీరిన పిదప శుభ్రంగా తుడిచి, పాత దుప్పటి చుట్టి, చాపల కట్టల ప్రక్కన భద్రపరిచారు. అమానత్ కదా అని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

తెచ్చి మీట నొక్కగానే అది పని చేసింది. అందరమూ ఊరట చెందాము. గొట్టంలో గాలి వస్తున్నది, నీళ్ళ సీసాలో బుడగలు లేస్తున్నవి, కొద్ది క్షణాలకొకసారి యంత్రం నిట్టూర్చినట్లు శబ్దం చేస్తున్నది. కాని ఖాలూ వేలికి తగిలించిన ఆక్సీమీటరులో అంకె 86 దాటలేదు. గంట గడిచినా అంతే. ఖాలా తస్బీహ్ పట్టుకుని ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నది. రాత్రి పదకొండు గంటలకు పరిగెత్తి ఒక సిలిండరు తెచ్చి పెట్టాక గాని ఆ అంకె 90 పైకి పోలేదు.

మరునాడు ఇటువంటి యంత్రాలు బాగుచేసే కుర్రవాడు చిలకలగూడ నుంచి వచ్చాడు. చేతిలో ఇమిడే ఒక కొలత పరికరాన్ని గొట్టం చివర పెట్టి చూశాడు. సక్రమంగా ఉన్న యంత్రమైతే 93 శాతం, కాస్త అటో ఇటో చూపవలసిన చోట అది నలభైల్లోనే నిలిచింది. "చాచా, గాలి వస్తున్నది. ఆక్సిజనే రావడం లేదు" అన్నాడు. వరండాలో కూర్చుని దాని కడుపు విప్పాడు. రెండు అల్యూమినియం స్తంభాలు, వాటి నిండా సగ్గుబియ్యం వంటి తెల్లని గుండ్లు. తన సంచిలోని మూసిన డబ్బా నుంచి క్రొత్త గుండ్లు ఒక చెంచాడు తీసి స్టీలు గ్లాసులో వేసి, కొద్దిగా నీళ్ళు పోశాడు. సుర్రుమని చప్పుడు వచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. మరో గ్లాసులో మా యంత్రపు గుండ్లు వేసి అన్నే నీళ్ళు పోశాడు. ఏమీ జరగలేదు. బియ్యం కడిగిన నీళ్ళలా కాస్త తెల్లబడి ఊరుకున్నవి.

ఈ నెల మన శీర్షికలో ఆ గుండ్ల సంగతే వ్రాయదలిచాను. ఎందుకంటే అవి ప్రకృతిలో అత్యంత అరుదుగా లభించే ఒక ఖనిజానికి మానవుడు చేసుకున్న ప్రతిరూపాలు. ఆ ఖనిజం పేరు ఫోజసైట్. జియోలైట్లు అనే పెద్ద కుటుంబానికి చెందినది.

ముందు కుటుంబం పేరు. 1756లో స్వీడన్ దేశపు ఖనిజ శాస్త్రజ్ఞుడు ఆక్సెల్ క్రోన్‌స్టెట్ ఒక రాతిముక్కను ఊదుగొట్టపు మంటలో పెట్టినప్పుడు, అది పొయ్యిమీది పాలవలె పొంగింది. రాయి మరుగుతున్నదేమిటని ఆశ్చర్యపడి, గ్రీకు భాషలో మరుగు, రాయి అనే అర్థాలు గల రెండు మాటలను కలిపి జియోలైట్ అన్నాడు. నిజానికి మరిగింది రాయి కాదు, రాతి లోపల దాగిన నీరు. మా వరండాలో జరిగింది ఈ ప్రయోగానికి సరిగ్గా తిరగబడిన రూపం. వేడి పెడితే నీరు బయటికి పోతుంది. ఎండిన దానికి నీరు తగిలితే, ఆనాడు పుచ్చుకున్న వేడిని అది తిరిగి బయటపెడుతుంది.

ఇక్కడొక విశేషం గమనించాలి. నీరు ఇముడ్చుకున్న ఖనిజాలు చాలానే ఉన్నవి. జిప్సమ్ రాతిలోనూ నీరుంటుంది. కాని దానిని కాల్చితే రాతి కట్టడమే కూలిపోయి పొడి అవుతుంది. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అదే. జియోలైట్ విషయంలో అట్లా కాదు. ఖాళీ చేసిన ఇల్లు గోడలతో సహా నిలబడి ఉన్నట్లు, నీరు వెళ్ళిపోయినా దాని కట్టడం చెక్కుచెదరదు. గదులన్నీ ఖాళీ అవుతవి, అంతే. ఆ ఖాళీ గదులలోకి ఎవరిని రానివ్వాలి, ఎవరిని పట్టి ఉంచాలి అన్నదే దాని గుణమంతా.

ఫోజసైట్‌ను 1842లో ఫ్రెంచి ఖనిజవేత్త అలెక్సీ దామూర్ తొలిసారి వర్ణించాడు. జర్మనీ నైరుతి మూలన కైజర్‌స్టూల్ అనే పాత అగ్నిపర్వత ప్రాంతం ఉన్నది. అక్కడి సాస్‌బాఖ్ గ్రామం దగ్గరి నల్లరాతి క్వారీలలో అది దొరికింది. అంతకు పూర్వం ఫ్రాన్సులో ఆరిపోయిన అగ్నిపర్వతాలను గురించి 1778లోనే గ్రంథం వ్రాసిన బార్తెలెమీ ఫోజా అనే భూగర్భ శాస్త్రజ్ఞుని పేరు దానికి పెట్టారు. ఈ ఫోజా గారికి గాలితోనూ సంబంధం ఉన్నది. 1783లో మోంగోల్ఫియే సోదరులు బెలూన్లు ఎగురవేసినప్పుడు ఆ ప్రయోగాలను గురించి వెంటనే పుస్తకం వెలువరించినవాడు ఆయనే. తన పేరు మోసే రాయి ఒకనాడు గాలిని వడగట్టి రోగులకు అందిస్తుందని ఆయన ఊహించి ఉండడు.

చూడడానికి ఈ రాయి గొప్పగా ఏమీ ఉండదు. రంగు లేనిది, లేదా తెల్లనిది. స్ఫటికాలు ఎనిమిది ముఖాలు కలిగి, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అంటించినట్లుంటవి. చాలా వరకు ఆవగింజను మించవు. కాఠిన్యం సుమారు 5, అనగా గాజుకు కాస్త దిగువ. సాంద్రత నీటికి రెండింతలు కూడా లేదు, 1.93 మాత్రమే. మన సికిందరాబాద్ బండరాయి సాంద్రత 2.6 పైనే అని గుర్తుంచుకుంటే ఇది ఎంత తేలికో తెలుస్తుంది. ఆ తేలికదనానికి కారణం లోపలి శూన్యమే. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు కలిసి కట్టిన పంజరం అది. దాని మొత్తం ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీ. సహజ స్థితిలో ఆ ఖాళీలో నీరు నిండి ఉంటుంది. రాతి బరువులో నాలుగవ వంతు నీరేనంటే నమ్మబుద్ధి కాదు, కాని లెక్క అదే.

లోపలి పెద్ద గది వ్యాసం సుమారు 1.3 నానోమీటర్లు. గదికీ గదికీ నడుమనున్న కిటికీ 0.74 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో అటువంటి కిటికీలను సుమారు లక్ష వరుసగా పేర్చవచ్చు. ఒక్క గ్రాము గుండ్లలోని లోపలి గోడలన్నిటినీ విప్పి పరిస్తే 700 చదరపు మీటర్లకు పైగా వస్తుంది. మన నగరంలో స్థలాలు కొనేవారి భాషలో చెప్పాలంటే ఎనిమిది వందల గజాలు, చిటికెడు పొడిలో.

ఇంత విశాలమైన ఇల్లు ప్రకృతిలో అరుదుగా ఎందుకున్నది? విశాలంగా ఉండడమే దాని బలహీనత. అగ్నిపర్వతపు బూడిదలోనో, లావా బుడగలలోనో క్షారగుణం గల నీరు నిదానంగా ఇంకినప్పుడు జియోలైట్లు పుడతవి. ఆ నీటిలోని లవణాలు, వేడి, కాలవ్యవధి అన్నీ ఒక సన్నని గీత మీద కుదిరితేనే ఫోజసైట్ ఏర్పడుతుంది. కాస్త ఎక్కువసేపు అదే పరిస్థితి కొనసాగితే అది కరిగి, ఇరుకు గదులు గల మరో గట్టి జియోలైట్‌గా మారిపోతుంది. పాకం తీగలా సాగే దశను దాటి ముదిరినట్లు. అందుకే ప్రపంచంలో దాని చిరునామాలు వ్రేళ్ళ మీద లెక్కించదగినంత కొద్ది. జర్మనీలోని ఆ క్వారీలు, హవాయి దీవులలోని ఒవాహు, మరికొన్ని చోట్లు.

ఆ కొద్ది చిరునామాలలో ఒకటి జోర్డాన్ ఈశాన్య ఎడారిలో ఉన్నది. అక్కడి జబల్ హనూన్ అనే కొండ అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడినది. ఆ బూడిదరాతిలో ఫోజసైట్, ఫిలిప్సైట్ అనే మరో జియోలైట్‌తో కలిసి చెప్పుకోదగినంత మోతాదులో ఉన్నదని 1990లలో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దక్షిణ సిరియా నుంచి జోర్డాన్ మీదుగా సౌదీ అరేబియా వరకు పరచుకున్న నల్లని లావా భూమిలో అది ఒక భాగం. అరబ్బీలో అటువంటి నేలను హర్రా అంటారు. ఈ మాట మన పాఠకులకు క్రొత్త కాదు. మదీనా నగరం తూర్పు, పడమర దిక్కులలోని రెండు లావా నేలల నడుమ ఉన్నది. ఆ రెంటి మధ్య భాగాన్ని హరమ్‌గా పేర్కొన్న హదీసులు మనకు తెలుసు. మదీనా సమీపంలోని హర్రాలో హిజ్రీ 654లో, అనగా 1256లో, భూమి బ్రద్దలై సుమారు యాభై రెండు రోజుల పాటు లావా ప్రవహించింది. హజ్ యాత్రకు వెళ్ళినవారు మదీనా దారిలో చూసే ఆ మసిబారిన రాళ్ళు అటువంటి ప్రవాహాలవే. ప్రతి హర్రాలోనూ ఫోజసైట్ ఉంటుందని దీని అర్థం కాదు. అది పుట్టగలిగే నేల ఎట్లా ఉంటుందో కళ్ళకు కట్టడానికే చెప్పాను.

మన ఇంటి దగ్గరికి వస్తే సంగతి వేరు. సికిందరాబాద్ నిలబడినది గ్రానైటు మీద. మౌలాలీ గుట్ట ఎక్కి చూస్తే కనిపించే ఉండ్రాళ్ళ వంటి బండలన్నీ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి, భూగర్భంలో లోతున గడ్డకట్టినవి. వాటిలో బుడగలు లేవు, కనుక జియోలైట్ల కోసం అక్కడ వెతికి లాభం లేదు. పడమటగా వికారాబాద్ దారి పట్టి వెళ్తే మాత్రం నేల రంగు మారుతుంది. చేవెళ్ళ దాటాక ఎర్రని ఇసుక నేల పోయి నల్లరేగడి మొదలవుతుంది. అది దక్కను లావా అంచు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొరలు పొరలుగా ప్రవహించిన ఆ లావా, నేటికీ దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర నిలిచి ఉన్నది. అనంతగిరి కొండలు దాని తూర్పు కొసలోనివి. మన తాతల కాలంలో క్షయ రోగులను మంచి గాలి కోసం పంపిన శానిటోరియం ఆ కొండ మీదే ఉన్నది.

ఈ లావా పొరలలో గాలి బుడగలు మిగిల్చిన గూళ్ళున్నవి. తరువాతి కాలంలో వాటిలో నీరు ఇంకి, తెల్లని, గులాబీరంగు స్ఫటికాలు పెరిగినవి. పుణె, నాసిక్, జల్‌గావ్ ప్రాంతాల క్వారీల నుంచి వచ్చే స్టిల్బైట్, హ్యూలాండైట్, స్కోలెసైట్ స్ఫటికాలు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలన్నిటిలోనూ ఉన్నవి. పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి నుంచి పుణె వైపు భోర్ ఘాట్‌లో రైలు మార్గం కోసం కొండలు తొలిచినప్పుడు బయటపడినవాటిని ఓడలకెక్కించి యూరపుకు తరలించారు. జియోలైట్లకు ఇంత పేరున్న దక్కనులో కూడా, ఆ ప్రసిద్ధ జాబితాలలో ఫోజసైట్ పేరు కనిపించదు. అంత అరుదు అది.

జియోలైట్ అన్నంత మాత్రాన అన్నీ మేలు చేసేవే అనుకోరాదు. తుర్కియేలోని కప్పడోసియా ప్రాంతంలో కరాయిన్, తూజ్‌కోయ్ వంటి పల్లెలున్నవి. అక్కడి మెత్తని అగ్నిపర్వత రాతిలో ఎరియొనైట్ అనే జియోలైట్ సన్నని నూలుపోగుల రూపంలో ఉంటుంది. ఆ రాతితోనే ఇళ్ళు కట్టుకుని, ఆ దుమ్మునే పీల్చుకుంటూ బ్రతికిన ఆ గ్రామస్థులలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ భయంకరమైన సంఖ్యలో కనిపించింది. 1970లలో ఇజ్జత్తిన్ బారిష్ అనే తుర్కియే వైద్యుడు దీనిని లోకం దృష్టికి తెచ్చాడు. కీడు చేసినది దాని రసాయన గుణం కన్న పోగు ఆకారం. ఫోజసైట్ పోగులుగా ఉండదు, యంత్రపు గుండ్లకు ఆ భయం లేదు. అయినా ఏ ఖనిజపు దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిది కాదు. మా వరండాలో జరిగినది చూసి ఎవరూ ఇంట్లో యంత్రం విప్పవద్దు. ఇక శరీరంలోని విషాలను పీల్చివేస్తుందని చెప్పి అమ్మే జియోలైట్ పొడుల విషయంలో నా అభిప్రాయం ఒక్కటే: వైద్యుడు వ్రాయనిది మ్రింగవద్దు.

అరుదైన రాయి సికిందరాబాద్ మస్జిద్ స్టోరు గది దాకా ఎట్లా వచ్చింది? 1940ల చివర అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థలో రాబర్ట్ మిల్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి గాలిలోని వాయువులను వేరు చేసే చవక మార్గం వెతికే పని అప్పగించారు. ప్రకృతిలోని జియోలైట్లు అందుకు పనికివస్తాయని బ్రిటన్‌లో రిచర్డ్ బారర్ అప్పటికే చూపి ఉన్నాడు. చిక్కల్లా, మేలైనవి గుప్పెడు కూడా దొరకకపోవడం. ప్రకృతి వేల సంవత్సరాలు తీసుకునే పనిని మిల్టన్ కుండలో పెట్టి వండాడు. సోడియం సిలికేటు, సోడియం అల్యూమినేటు ద్రావణాలను కలిపితే జావ వంటి ముద్ద వస్తుంది. దానిని నీరు మరిగే వేడిలో కొన్ని గంటలు ఉంచితే స్ఫటికాలు అడుగున దిగుతవి. అట్లా వచ్చినవాటిలో ఒకదానికి ఎక్స్ అని పేరు పెట్టాడు. దాని పంజరాన్ని పరిశీలిస్తే, అది అచ్చంగా ఫోజసైట్ పంజరమే. అల్యూమినియం పాలు కాస్త ఎక్కువ, అంతే తేడా. కొన్నేళ్ళకు ఆయన సహచరుడు డోనాల్డ్ బ్రెక్ తయారు చేసిన వై అనే రకం సహజ ఫోజసైట్‌కు ఇంకా దగ్గరిది. 1960ల నుంచి ముడి చమురును విరగగొట్టి పెట్రోలు తీసే కర్మాగారాలలో ఈ పంజరమే పని చేస్తున్నది. మనం బండిలో పోయించుకునే పెట్రోలులో ఎంతో భాగం ఫోజసైట్ గదుల గుండా వచ్చినదే. జర్మన్ క్వారీలో ఆవగింజంత కనబడితే పండుగ చేసుకునే రాయి టన్నుల లెక్కన తయారవుతున్నది.

ఇప్పుడు యంత్రంలో జరిగే పని. కాన్సంట్రేటర్ ఆక్సిజన్‌ను పుట్టిస్తుందని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. మన గదిలోని గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, దాదాపు ఒక శాతం ఆర్గాన్ ఉన్నవి. యంత్రం ఆ నత్రజనిని పట్టి ఉంచి, తక్కినదాన్ని మనకు వదులుతుంది. జల్లెడ అనే పేరు విని, చిన్న అణువులు దాటిపోతవి, పెద్దవి ఆగిపోతవి అనుకునేవారూ ఉన్నారు. ఇక్కడ జరిగేది అదీ కాదు. ఆక్సిజన్ అణువు, నత్రజని అణువు రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం. ఆ కిటికీలో రెండూ సులువుగా దూరిపోతవి. తేడా ఆకర్షణలో ఉన్నది. పంజరంలో సిలికాన్‌కు బదులు అల్యూమినియం కూర్చున్న ప్రతి చోటా ఒక రుణావేశం మిగులుతుంది. దానిని తీర్చడానికి సోడియం వంటి ధనావేశ కణాలు గదులలో కాపురముంటవి. మేలైన యంత్రాలలో సోడియంకు బదులు లిథియం పెడతారు. నత్రజని అణువులో విద్యుదావేశపు పంపకం ఆక్సిజన్‌లో కన్న ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉంటుంది. కనుక ఈ కణాలు దానిని గట్టిగా పట్టుకుంటవి, ఆక్సిజన్‌ను పోనిస్తవి.

గాలిని ఒత్తిడితో మొదటి స్తంభంలోకి నెట్టినప్పుడు నత్రజని గుండ్లకు అంటుకుంటుంది. అది నిండే లోపల గాలిని రెండవ స్తంభానికి మళ్ళిస్తారు. మొదటిదానిలో ఒత్తిడి తగ్గించగానే పట్టుకున్న నత్రజని అంతా బయటికి పోయి, గుండ్లు మళ్ళీ సిద్ధమవుతవి. యంత్రం నిట్టూర్పు అదే. ఈ వంతుల పద్ధతికి చార్లెస్ స్కార్‌స్ట్రామ్ 1960లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆర్గాన్ మాత్రం ఆక్సిజన్‌తో పాటే వెళ్ళిపోతుంది. అందుకే ఇటువంటి యంత్రం నూటికి నూరు శాతం ఇవ్వలేదు. 93 శాతం, దానికి మూడు అటూ ఇటూ, అదే మంచి యంత్రానికి గుర్తు.

2021 ఏప్రిల్, మే నెలలను ఈ నగరంలో ఎవరూ మరువలేరు. గాంధీ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించబడింది. బేగంపేట విమానాశ్రయం నుంచి సైనిక విమానాలు ఖాళీ టాంకర్లను ఒడిశాకు మోసుకువెళ్ళాయి. ద్రవ ఆక్సిజన్ నింపుకున్న రైళ్ళు సనత్‌నగర్‌కు చేరాయి. ఆ వార్తల నడుమ ఒక చిన్న వార్త చాలామంది దృష్టికి రాకుండా పోయింది. ఎయిర్ ఇండియా సరుకు విమానాలు రోమ్ నుంచి బెంగళూరుకు టన్నుల కొద్దీ జియోలైట్‌ను తెచ్చాయి. తేజస్ యుద్ధ విమానంలో పైలట్ ఊపిరి కోసం డి.ఆర్.డి.ఓ. రూపొందించిన పద్ధతితోనే ఆసుపత్రులకు నిమిషానికి వేయి లీటర్ల ప్లాంట్లు కట్టడం మొదలైంది. వాటి స్తంభాలు నింపడానికి కావలసినవి ఈ గుండ్లే. దేశంలో గాలికి కొరత లేదు, దాన్ని వడగట్టే రాయికి కొరత వచ్చింది. మా మొహల్లావారు చందా వేసి కొన్న చిన్న యంత్రం కూడా ఆ నాటిదే. అప్పుడు అది ఇద్దరు ముగ్గురి ఇళ్ళకు తిరిగింది. వారిలో ఒకరు నేటికీ ఫజర్ నమాజుకు వస్తారు.

మరి మూడు నాలుగేళ్ళు కదలకుండా ఉన్న యంత్రం ఎందుకు పాడైంది? సమాధానం ఆ స్టీలు గ్లాసులోనే ఉన్నది. ఈ రాయికి నత్రజని అంటే ఇష్టం, నీరంటే అంతకన్న ఎన్నో రెట్లు మక్కువ. నత్రజనిని ఒత్తిడి తగ్గించగానే వదులుతుంది. నీటిని అంత తేలికగా వదలదు. కొలిమి వేడి కావాలి. యంత్రం నడుస్తున్నంత కాలం లోపలికి వచ్చే కొద్ది తేమ స్తంభం ముఖద్వారం దగ్గరే ఆగి, నత్రజనితో పాటు చాలా వరకు వెలుపలికి పోతుంది. నిలిపివేసిన యంత్రంలో ఆ గెంటివేత లేదు. మూతలు ఎంత బిగుతుగా ఉన్నా, ఏళ్ళ తరబడి వర్షాకాలపు తేమ సన్నగా లోనికి ప్రాకి, గది తరువాత గదిని ఆక్రమిస్తుంది. నీరు కూర్చున్న గదిలో నత్రజనికి చోటు లేదు. అప్పుడు నత్రజని కూడా గొట్టం గుండా వచ్చేస్తుంది. మోటారు, బుడగలు, శబ్దం అన్నీ మామూలే. రోగికి అందేది మాత్రం గది గాలికి కాస్త మెరుగైనది. వాడితే అరిగిపోతుందని దాచిపెట్టాము. వాడకపోవడం చేతనే అది చెడింది.

ఆ కుర్రవాని మాటలలో తెలిసినదేమంటే, అతనికి ఇటువంటి యంత్రాలు తరచూ ఎదురవుతున్నవి. మస్జిదులలో, సంఘాల కార్యాలయాలలో, అపార్టుమెంట్ల మెట్ల క్రింద, బంధువుల అటకల మీద 2021 నాటివి పడి ఉన్నవి. మీకు తెలిసిన చోట ఒకటి ఉంటే, అవసరం వచ్చిన రాత్రి దాకా ఆగకండి. ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పరికరం ఉన్నవారిని పిలిపించి ఇప్పుడే చూపించండి. ఇరవై నిమిషాలు నడిపాక, వైద్యుడు వ్రాసే స్థాయిలో గాలి వదులుతూ కొలవాలి. కొన్ని యంత్రాలలో శాతం 82కు తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం ఉంటుంది, మా దానిలో లేదు. శాతం బాగుంటే, నెలకొకసారి కొంతసేపు నడపాలి. ఎంతసేపు అన్నది తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనుక ఉన్న స్పాంజి వడపోతను కడిగితే, పూర్తిగా ఆరాక గాని తిరిగి పెట్టరాదు. తడి స్పాంజి పెట్టి యంత్రం నడపడమంటే ఆ గుండ్లకు మన చేతులతో నీళ్ళు త్రాగించడమే. స్నానాల గది ప్రక్కన, వంటింట్లో పెట్టరాదు. గోడకు ఒక అడుగు ఎడం ఉండాలి.

మరొక్క మాట, మన ఇళ్ళకు ప్రత్యేకించినది. రోగి ఉన్న గదిలో ఊదు, లోబాన్, అగరుబత్తీలు వెలిగించే అలవాటు మనకున్నది. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో నిప్పు ఏ రూపంలోనూ ఉండరాదు, బీడీ సిగరెట్ల మాట చెప్పనక్కర లేదు. గొట్టం ఒరిసి ముక్కు మండుతున్నదని వాసలీన్ రాయడం కూడా మానాలి. నీటితో చేసిన లేపనాలు వైద్యుని అడిగి వాడవచ్చు. అంకె పెరగడం లేదని గాలి స్థాయిని మనంతట మనమే పెంచడం మరీ ప్రమాదం. ఖాలూ వంటి పాత ఊపిరితిత్తుల రోగులలో అవసరానికి మించిన ఆక్సిజన్ రక్తంలో బొగ్గుపులుసు వాయువును పెంచి స్పృహ తప్పించగలదు. ఆ రాత్రి మా తమ్ముడు మీటను ఐదుకు త్రిప్పబోతే ఖాలాయే చేయి పట్టి ఆపింది. వైద్యుడు రెండన్నాడు, రెండే అని. యంత్రం చెడిపోయి ఉన్నది గనుక ఆనాడు త్రిప్పినా నష్టం జరిగి ఉండేది కాదేమో. సిలిండరు వచ్చాక త్రిప్పి ఉంటే?

స్తంభాలు రెండూ మార్పించాము. ఖర్చు మొహల్లా మళ్ళీ పంచుకున్నది. పాత గుండ్లను కుర్రవాడు తీసుకుపోతానన్నాడు. ఒక చిన్న సీసాడు మాత్రం నేను ఉంచుకున్నాను, ఈ వ్యాసం వ్రాస్తున్న బల్ల మీద ఉన్నది. క్రొత్త గుండ్లతో యంత్రం మొదటి రోజే 94 చూపింది. ఖాలూ మూడు వారాలు వాడి, ఇప్పుడు రాత్రిళ్ళు కూడా అది లేకుండానే నిద్రపోతున్నారు. యంత్రం తిరిగి స్టోరు గదికి చేరింది. ఈసారి దుప్పటి చుట్టలేదు. గది తలుపు లోపలివైపున ఒక కాగితం అంటించారు. నెలలో మొదటి జుమా రోజున నమాజు ముగిశాక ముఅజ్జిన్ సాహెబ్ దాన్ని నడిపి, కొలిచి, తేదీ పక్కన అంకె వ్రాయాలని ఏర్పాటు. మొన్న చూసినప్పుడు నాలుగు వరుసలున్నవి. 94, 94, 93, 94.